పైరున్న చేలో టేపు పడదు

నేను రిటైరయ్యానంటే ఎవరూ నమ్మరు. "అసలు పని చేసిందెప్పుడు?" అని అడుగుతారు. అడిగేవాళ్ళలో మా ఆవిడ మొదటిది. యాభై రెండేళ్ళకే నా మోకాళ్ళు రెండూ రాజీనామా ఇచ్చేశాయి. అవి లేకుండా నేనొక్కణ్ణే ఉద్యోగానికి వెళ్ళడం బాగోదని నేనూ ఇచ్చేశాను.

నేను చేసిన ఉద్యోగం సూరత్ చుట్టూ మిగిలిన పొలాలనూ ఖాళీ జాగాలనూ కాపాడే ఒక చిన్న సంస్థలో. సంస్థ చిన్నదే గాని పేరు ఎంత పొడుగంటే, విజిటింగ్ కార్డు మీద ముందు వైపు మొదలై వెనక వైపు ముగిసేది. ఆఫీసు ఒకటే గది. అందులో ఒకరు తుమ్మాలంటే ఇంకొకరు బయటికి వెళ్ళాలి.

ఈ మధ్య ఆ సంస్థలో కొత్తగా చేరినవాళ్ళు మా ఇంటికి వచ్చి, పని ఎలా ఉంటుందో చెప్పమన్నారు. టీ తాగేలోపు చెప్పగలిగేది కాదు, అందుకే రాస్తున్నాను. నాకు ఏ పదవి ఎప్పుడు ఇచ్చారో రాయను, ఇచ్చినవాళ్ళే మరిచిపోయారు. ఒక్క చేను సంగతి రాస్తాను. నేను కాస్త పెంచి చెబుతానని సూరత్‌లో తెలుగు తెలిసిన ప్రతివాడికీ తెలుసు. గజం ఉండాల్సిన చోట మైలు కనిపిస్తే మీరే తగ్గించి చదువుకోండి.

పనంటే టీ తాగడం

పొలాలను కాపాడటం అంటే చెట్టును కౌగిలించుకుని ఫోటో దిగడం అనుకుని చాలామంది వస్తారు. మొదటి నెలలోనే వాళ్ళ ముఖాలు వాడిపోతాయి. ఎందుకంటే ఈ పనిలో ముప్పాతిక వంతు రైతుల ఇళ్ళలో కూర్చుని టీ తాగడమే. నా సర్వీసులో నేను తాగిన టీ అంతా ఒకేసారి వదిలితే తాపీ నదికి వరద హెచ్చరిక ఇవ్వాల్సి వచ్చేది.

భూమి గురించి మాట్లాడదామని వెళ్తారు. వాళ్ళు భూమి తప్ప అన్నీ మాట్లాడతారు. కోడలి వంట, గేదె మొండితనం, తమ్ముడి పెళ్ళిలో ఎవరికి ఎవరు మర్యాద చేయలేదు, ఇవన్నీ వినాలి. విసుక్కోకండి. పొలం అమ్ముడుపోయేది రిజిస్ట్రారు ఆఫీసులో కాదు, ఇంట్లో అన్నాల దగ్గర. ఎవరు ఎవరి మీద అలిగి చెయ్యి కడుక్కున్నారో తెలియనివాడు ఏ పొలాన్నీ కాపాడలేడు.

ఇంకో మాట. ఆ పొలం మీది కాదు. ఈ ముక్క గుర్తుంచుకోకపోతే మీరు మంచివాళ్ళు అయ్యుండీ చాలా చిరాకు పుట్టిస్తారు. అమ్ముకునే హక్కు వాళ్ళది, అమ్మకపోతే బాగుండునన్న ఆశ మనది. హక్కు ముందు ఆశ ఎప్పుడూ వాకిట్లో చెప్పుల పక్కన నిలబడి మాట్లాడాలి.

కుసుమ్‌బెన్, భజియాలు

మా సంస్థకు పెద్ద కుసుమ్‌బెన్. ఒక బడికి హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి వచ్చింది. ఆవిడ గొంతు వింటే దారిన పోయే గేదెలు కూడా వరసలో నిలబడేవి. నేను కళ్ళారా చూశాను, ఎత్తు ప్రకారం నిలబడ్డాయి.

ముఖ్యమైన మీటింగులన్నీ ఆవిడ డుమస్‌లో, సముద్రం ఒడ్డున బండి దగ్గర పెట్టేది. టమాటా భజియా, అంటే మన బజ్జీ, నోట్లో ఉన్నప్పుడు మనిషి అనవసరంగా వాదించడని ఆవిడ సిద్ధాంతం. సిద్ధాంతం బాగానే ఉంది. కానీ నోరు ఖాళీ లేకపోవడం వల్ల వద్దనాల్సిన చోట కూడా ఎవరమూ వద్దనలేకపోయేవాళ్ళం. మా సంస్థ చేసిన అతి పెద్ద తప్పు అలాగే పుట్టింది, వేడివేడిగా, చట్నీతో సహా.

"మనం కాపాడుతున్న ప్రతి పొలం దగ్గరా ఒక బోర్డు పెడదాం ప్రసాద్‌భాయ్" అంది కుసుమ్‌బెన్. "దారిన పోయేవాళ్ళకి ఆ నేల విలువ తెలియాలి."

నేను భజియా నములుతూ తల ఊపాను. ఆవిడ దాన్ని చప్పట్ల కింద జమ కట్టింది.

ఠాకోర్‌కాకా జొన్నచేను

మొదటి బోర్డు ఎక్కడ పెట్టామో చెప్పాలంటే ఠాకోర్‌కాకాను పరిచయం చేయాలి. గోడాదరా పేట ఇరుకు గల్లీలు దాటి, షేర్ ఆటో దిగి, కాలువ గట్టు వెంట నడిస్తే ఆయన రెండు వీఘాల చేను, మన లెక్కలో ఎకరం పైచిలుకు, వచ్చేది. చుట్టూ షెడ్లు, గోడౌన్లు, మధ్యలో ఈ నల్లరేగడి ముక్క. పైనుంచి చూస్తే బట్టతల మీద మిగిలిన నాలుగు వెంట్రుకల్లా ఉండేది.

ఆయన అందులో జొన్న వేసేవాడు. కంకులు పాలు పట్టి లేతగా ఉండగానే కోసి, నిప్పుల్లో కాల్చి, గుడ్డలో వేసి కర్రలతో కొట్టి, చెరిగేవాడు. పచ్చటి మెత్తటి గింజలు వచ్చేవి. సూరత్‌లో దాన్ని పోంక్ అంటారు. చలికాలం రాగానే ఊరంతా దాని కోసం ఎగబడుతుంది. నిమ్మకాయ, మిరియాలు కలిపిన సేవ్ అనే సన్న కారప్పూస పక్కన పెట్టుకుని తింటారు. కాకా చేలో పోంక్ తిన్న రోజు నేను ఇంటికి వచ్చి అన్నం వద్దంటే, మా ఆవిడ డాక్టరుకు ఫోన్ చేసింది.

గోడాదరాలో మరమగ్గాల మీద పని చేసే మన తెలంగాణ వాళ్ళు బోలెడుమంది. వాళ్ళలో రాజేశం, ఆయన భార్య లచ్చవ్వ నాకు బాగా తెలిసినవాళ్ళు. రాజేశం మంచివాడు. కానీ ఏళ్ళ తరబడి మగ్గాల మోతలో బతికినందువల్ల ఆయన గుసగుస కూడా పక్క పేట లింబాయత్ దాకా వినపడేది. ఒకసారి ఇద్దరినీ కాకా చేనుకు తీసుకెళ్ళాను. లచ్చవ్వ నాలుగు గింజలు నోట్లో వేసుకుంది.

"ఏంది సారూ, గిది పోంకా? మా దిక్కు ఊసబియ్యం అంటం. గింతదానికి గా సేవేంది, గా నిమ్మకాయేంది? దానికి పెండ్లి జేస్తున్నరా?"

"జర సక్కగ మాట్లాడే" అన్నాడు రాజేశం గుసగుసగా. కాలువ అవతల కొంగలు లేచిపోయాయి.

ఠాకోర్‌కాకాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, ఆవిడ చెయ్యి మళ్ళీ పళ్ళెంలోకి వెళ్ళడం చూసి నవ్వాడు. అప్పటి నుంచి ప్రతి చలికాలం వాళ్ళు రావడం, ఈవిడ వంకలు పెడుతూ తినడం మామూలైపోయింది.

బోర్డు చేసిన సేవ

అలాంటి చేను గట్టున మా బోర్డు పెట్టాం. గుజరాతీలో, హిందీలో, ఇంగ్లీషులో. రాసింది కుసుమ్‌బెన్, విశేషణాలు నావి. ఇంత సారవంతమైన నేల, కాలువ నీళ్ళు, రోడ్డుకు ఇంత దగ్గర, సూరత్‌లో ఇంకెక్కడా లేదు, దీన్ని కాపాడుకుందాం అని దాని సారాంశం.

మీరు నవ్వుతున్నారు. మేం మాత్రం అప్పుడు నవ్వలేదు, మిఠాయి పంచుకున్నాం.

వారం తిరక్కుండా ఒక పెద్ద కారు బోర్డు ముందు ఆగింది. అందులోంచి దిగినాయన బోర్డును భక్తిగా చదివాడు. రోడ్డుకు దగ్గర అన్న చోట రెండోసారి చదివాడు. గోడౌన్లు కట్టించే మనిషి ఆయన. తన ఏజెంట్లు నెలల తరబడి వెతికినా దొరకని జాగాను మేం మూడు భాషల్లో, ఉచితంగా, రంగు వేసి మరీ చూపించాం. ఆయన మమ్మల్ని కలిసి ధన్యవాదాలు చెప్పలేదు. అది ఒక్కటే ఆయనలో లోపం.

అందుకే చెబుతున్నాను, మంచి నేలను గట్టిగా పొగడకండి. పసిపిల్లను పొగిడితే ఇంట్లోవాళ్ళు దిష్టి తీస్తారు. పొలాన్ని పొగిడితే బేరగాడు వస్తాడు. మెచ్చుకోవాలనిపిస్తే రైతు చెవిలో చెప్పి ఇంటికి వచ్చేయండి.

అన్నదమ్ములు

చేను ఠాకోర్‌కాకా ఒక్కడిది కాదు. అన్న మన్హర్‌భాయ్‌తో ఉమ్మడి. మన్హర్‌భాయ్ కూడా నలభై ఏళ్ళు దున్నినవాడే. అప్పటికి ఊళ్ళో ట్రాక్టరు అద్దెకు తిప్పుతూ, తెల్ల చొక్కా వేసుకుని స్కూటరు మీద తిరుగుతున్నాడు. ఇంట్లో ఆయన మాటే చెల్లుతుంది. గోడౌన్ల ఆయన నేరుగా ఆయన దగ్గరికే వెళ్ళాడు, ఆయనా సరేనన్నాడు.

ఠాకోర్‌కాకా నాకు ఈ సంగతి చెప్పిన రోజు పోంక్ కాల్చే బట్టీ పక్కన కూర్చుని ఉన్నాడు.

"గోడౌన్ కట్టాక నన్ను మేనేజర్‌గా పెడతారట. ఫ్యాన్ కింద కుర్చీ వేస్తారట" అన్నాడు.

"మంచిదేగా కాకా?"

"మంచిదే. కానీ ఈ నిప్పుల దగ్గర కూర్చోకపోతే చలికాలం వచ్చిందని నాకెలా తెలుస్తుంది?"

తల ఊపి తప్పించుకుందామంటే నోట్లో భజియా కూడా లేదు.

అన్న ముందు నోరెత్తే అలవాటు ఆయనకు లేదు. కానీ వాళ్ళ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. పైరు మీదున్న చేలో కొలత టేపు పడనివ్వరు. పైరు కోసి, నేల ఖాళీ అయ్యాకే కొలవాలి, బేరం కుదరాలి. చట్టంలో ఇది లేదు. రిజిస్ట్రారును అడిగితే నవ్వుతాడు. కానీ ఊళ్ళో ఎదురుపడే ప్రతి ముసలమ్మా దీనికి ఇన్‌స్పెక్టరే. "పోంక్ అయిపోనీ, అప్పుడు కొలుస్తాం" అని మన్హర్‌భాయ్ బేరగాడికి మాటిచ్చాడు.

కుసుమ్‌బెన్ ఇది విని భజియా చేతిలో పట్టుకుని అలాగే ఆగిపోయింది.

"చేను ఖాళీ అయితేనే కొలుస్తారా?"

"అవును."

"ఖాళీ కాకపోతే?"

ఆ ఒక్క ప్రశ్నకు ఆవిడ బోర్డు తప్పు నేను మాఫ్ చేసేశాను.

ఖాళీ లేని చేను

ఆ ఏడాది నుంచి కాకా చేను సూరత్ స్టేషన్లో బెంచీలా తయారైంది. ఒకరు లేవకముందే ఇంకొకరు కూర్చునేవారు. జొన్న ఒక వైపు కోస్తుండగానే కోసిన వైపు పెసలు వేసేవాడు కాకా. పెసర కాయ ఏరుతుండగానే పశువుల మేత. వానలకు కంది, గోరుచిక్కుడు. మళ్ళీ జొన్న. నా పని విత్తనాలు వెతికి తేవడం. నేను డిగ్రీ చదివింది చరిత్ర, చివరికి గోరుచిక్కుడు విత్తనాల్లో నిపుణుణ్ణయ్యాను.

మన్హర్‌భాయ్ వారానికోసారి స్కూటరు మీద వచ్చి, గట్టున ఆగి, చూసి, వెళ్ళిపోయేవాడు. తమ్ముణ్ణి ఏమీ అనలేడు. పైరు వేశావేమిటని ఏ రైతు ఏ రైతును తిడతాడు? నన్ను చూసి మాత్రం అనేవాడు.

"ఏం ప్రసాద్‌భాయ్, ఈసారి ఏం వేయిస్తున్నారు? మిరియాలా, కుంకుమపువ్వా?"

"మీరు ఏది వద్దంటే అది, మన్హర్‌భాయ్."

"మీకు మీ ఇంట్లో పని లేదా?"

"ఇంట్లోవాళ్ళూ అదే అడుగుతున్నారు."

ఆయన మూర్ఖుడు కాడు. తర్వాతి చలికాలానికి మా నాటకం ఆయనకు పూర్తిగా అర్థమైంది. పోంక్ కోత ముగిసే వారం, పెసలు వేయాల్సిన సమయానికి, ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ట్రాక్టరును, అంటే తన ట్రాక్టరును, రిపేరుకు పంపించేశాడు. చేతకాని రిపేరు కాదు, చాలా తీరిగ్గా జరిగే రిపేరు. తర్వాత బేరగాడికి కబురు పెట్టాడు, ఫలానా ఆదివారం సాయంత్రం సర్వేయరుతో కొలిపిస్తానని.

చేను మొత్తం ఖాళీ. కొయ్యకాళ్ళు పీకేశారు, కాలువ నీళ్ళు పెట్టి వారమైంది, నేల సరిగ్గా పదును మీద ఉంది. వేస్తే ఆ ఒకటి రెండు రోజుల్లోనే వేయాలి. శనివారం నేను వెళ్ళేసరికి ఠాకోర్‌కాకా గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"ఇక పోనీ ప్రసాద్‌భాయ్" అన్నాడు. "ఫ్యాన్ గాలి కూడా మంచిదేనంటారు."

కుసుమ్‌బెన్‌కు ఫోన్ చేశాను.

"గోడాదరా వాళ్ళను అడుగు" అందావిడ. "కానీ కార్యక్రమం అని చెప్పకు. కార్యక్రమం అంటే ఎవరూ రారు. పని అని చెప్పు."

ఇది కూడా రాసిపెట్టుకోండి. ఉపన్యాసానికి పిలిస్తే జనం గడియారం చూసుకుంటారు. పనికి పిలిస్తే ఎన్ని పారలు కావాలని అడుగుతారు.

లచ్చవ్వ గది ముందు నిలబడి సంగతంతా చెప్పాను. ఆవిడ బియ్యం ఏరుతూ విన్నది.

"రేపు మగ్గాలు బంద్. మా ఆయిన పొద్దంత పండుకుంటడు. తోలుకొస్త తియ్" అంది. తర్వాత చేట పక్కన పెట్టి, "మా జాగ ఊర్ల పడావు పడ్డది సారూ. గీడ జొన్నచేను జూస్తే పాణం జర నిమ్మళమైతది. గది పోతే ఊసబియ్యం ఏడ తినాలె?" అంది.

ఆదివారం

పొద్దున్నే పాతికమంది వచ్చారు. నేను ఈ కథ చెప్పేటప్పుడు మామూలుగా ఐదు వందల మంది అంటాను. ఇక్కడ అచ్చులో పడుతుంది కాబట్టి నిజం రాస్తున్నాను. మగ్గం ముందు నిలబడి నిలబడి నడుములు బిగుసుకుపోయినవాళ్ళు, పారలు పట్టుకుని సాళ్ళు తీశారు. వెనక ఆడవాళ్ళు పెసలు జారవిడుచుకుంటూ, కాలితో మట్టి కప్పుకుంటూ వచ్చారు.

సాళ్ళ మధ్య ఎడం ఎంత ఉండాలన్న దాని మీద లచ్చవ్వకూ ఠాకోర్‌కాకాకూ పెద్ద యుద్ధం జరిగింది. ఆవిడ తెలుగులో, ఆయన గుజరాతీలో. ఒకరి మాట ఒకరికి తెలియకపోవడం వల్ల ఇద్దరూ గెలిచారు. కుసుమ్‌బెన్ చీర చెంగు దోపుకుని సాళ్ళు వంకర పోకుండా పర్యవేక్షించింది. నేను నీళ్ళు అందించాను. నా మోకాళ్ళు అప్పటికే రాజీనామా ముసాయిదా రాసుకుంటున్నాయి.

సాయంత్రానికి ఒక మూల నాలుగు సాళ్ళు మిగిలాయి. గింజలు అయిపోయాయి. అప్పుడే స్కూటరు చప్పుడు వినపడింది. వెనక సర్వేయరు, కొత్త తెల్ల బూట్లు, చేతిలో టేపు.

మన్హర్‌భాయ్ గట్టున నిలబడి అందరినీ చూశాడు. పాతికమంది చేతుల్లో పారలతో ఆయన్ని చూశారు.

"ఏమిటిది?" అన్నాడు తమ్ముడితో.

"పెసలు వేశాం భాయ్."

"పైరు ఎక్కడుంది? నాకు మట్టి కనిపిస్తోంది. నేల ఖాళీగా ఉంది."

నిజమే, పచ్చటి ఆకు ఒక్కటి కూడా లేదు. కుసుమ్‌బెన్ కూడా నా వైపు చూసింది. అప్పుడు లచ్చవ్వ చేతులు దులుపుకుంటూ ముందుకు వచ్చింది. సగం హిందీ, సగం తెలుగు.

"అరే బడే కాకా, పేట్ మే హై తో బచ్చా నహీ క్యా? కడుపుల ఉన్నంత సేపు పిల్ల గాదా? బయటికొచ్చినంకనే పిల్లనా?"

"అగ్గో, గట్లడుగు!" అన్నాడు రాజేశం. ఈసారి గుసగుస కూడా కాదు.

మన్హర్‌భాయ్ ఆవిడ వైపు నుంచి మొహం తిప్పుకున్నాడు. "టైమ్ లేదు, కానివ్వండి" అన్నాడు సర్వేయరుతో. అని తాను గట్టు వెంట చుట్టూ తిరిగి అవతలి మూలకు నడవడం మొదలుపెట్టాడు. సర్వేయరుకు అంత తిరుగుడు ఎందుకనిపించింది. టేపు కొస పట్టుకుని, కొత్త బూట్లతో, అడ్డంగా చేలోకి దిగాడు.

"ఏయ్!"

ఆ కేకకు అందరం ఉలిక్కిపడ్డాం. అరిచింది లచ్చవ్వ కాదు, ఠాకోర్‌కాకా కాదు. మన్హర్‌భాయ్.

"బయటికి రా! వావేలుం ఛే, విత్తేశారు! కనిపించడంలా? విత్తిన చేలో బూట్లతో నడుస్తావా? మీ ఇంట్లో నేర్పలేదా?"

సర్వేయరు ఒంటికాలి మీద ఆగిపోయాడు. రెండో కాలు ఎక్కడ పెట్టాలో తెలియక కొంగలా నిలబడ్డాడు. మన్హర్‌భాయ్ గట్టు మీద నుంచి సాలు పక్కన దారి చూపిస్తూ, ఒక్కొక్క అడుగూ ఎక్కడ వేయాలో చెబుతూ ఆయన్ని బయటికి రప్పించాడు. రప్పించాక, తాను ఏమన్నాడో తనకే వినపడినట్టు, వంగి, బూటు పడిన చోట మట్టిని చేత్తో సర్దాడు.

ఇది చదివి గెలిచారనుకునేరు. ఈ పనిలో గెలుపు ఉండదు. ఒక్క కారు అద్దం దిగితే, ఒక్క పెళ్ళి ఖర్చు మీద పడితే, రెండు వీఘాలు పోతాయి. నా సర్వీసులో కాపాడిన వాటికంటే పోయినవే ఎక్కువ, వాటి మీదుగా ఇప్పుడు మీరు ఫ్లైఓవర్ ఎక్కి ఆఫీసుకు వస్తున్నారు. మనం సంపాదించగలిగేది ఇంకొక్క పంట కాలం. అది కూడా మన తెలివితో రాదు. అమ్మాలని వచ్చినవాడి లోపల ఒక రైతు ఇంకా కూర్చుని ఉంటాడు, వాడు లేచేదాకా మనం అక్కడ నీళ్ళు అందిస్తూ ఉండాలి. కొందరిలో వాడు లేవడు. అలాంటప్పుడు టీ తాగి, నమస్కారం పెట్టి, ఇంకో ఊరు వెళ్ళాలి.

సర్వేయరు టేపు చుట్టుకుని వెళ్ళిపోయాడు. మన్హర్‌భాయ్ స్కూటరు దగ్గర ఆగాడు.

"ఆ మూల ఎందుకు వదిలేశారు?"

"గింజలు అయిపోయాయి భాయ్" అన్నాడు ఠాకోర్‌కాకా.

"లెక్క లేకుండా పోస్తే అయిపోవా మరి! చూడు, ఎంత దగ్గర దగ్గరగా వేశారో." ఆయన లచ్చవ్వ వైపు ఒకసారి, సాళ్ళ వైపు ఒకసారి చూశాడు. "పెసలు కోసేదాకా ఆగుతాను. ఆ తర్వాత ఎవరొచ్చి అడ్డం పడ్డా వినను."

"ఆ తర్వాత వానలు వస్తాయి భాయ్."

"వాన ఎప్పుడొస్తుందో నువ్వు నాకు చెప్పక్కర్లేదురా" అన్నాడు మన్హర్‌భాయ్, స్కూటరు స్టార్ట్ చేస్తూ. "ఇంట్లో డబ్బాలో పెసలున్నాయి. చీకటి పడకముందు తెస్తాను, పదును పోనివ్వకండి."